నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని తేలితే ఏం చేయాలి: ఇవాళ్టి నుంచి 30 ఏళ్ళ దాకా

ఆర్సెనిక్ అనే ఈ విషంతో వచ్చిన చిక్కేంటంటే దీనికి తొందర లేదు. నీళ్ళు తేటగా ఉంటాయి, వాసన ఉండదు, రుచిలో తేడా తెలీదు, తాగినవాళ్ళకి ఆ రోజు ఏం కాదు, ఆ నెలా ఏం కాదు, ఒక్కోసారి పదేళ్ళ దాకా ఏమీ కనపడదు, ఆ తర్వాత ఎప్పుడో దగ్గు తగ్గట్లేదని హాస్పిటల్‌కి వెళ్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలుతుంది, అప్పటికి ఆ బోరు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు.

చిలీ దేశంలో ఉత్తరాన అంతోఫగస్తా అని ఎడారి పక్కన ఒక పట్నం ఉంది. ఊరికి నీళ్ళు చాలట్లేదని 1958లో ఆండీస్ కొండల్లోంచి కొత్త నది నీళ్ళు పైపుల్లో తెచ్చారు. ఆ నీళ్ళలో లీటరుకి సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి లిమిట్ 10 కాబట్టి ఎన్ని రెట్లో మీరే లెక్కేసుకోండి. 1970లో శుద్ధి ప్లాంటు పెట్టేదాకా ఊరు ఊరంతా అవే నీళ్ళు తాగింది, ఆ తర్వాత లెవెల్ బాగా పడిపోయింది, ఇక్కడితో కథ అయిపోవాలి కదా, కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయం క్యాన్సర్ చావులు ఆ తర్వాతే పెరిగాయి, 1980ల చివర్లో 90లలో మరీ ఎక్కువయ్యాయి. నీళ్ళు బాగుపడిన 40 ఏళ్ళకి కూడా ఆ ఊళ్ళో ఆ క్యాన్సర్లు మామూలు కంటే ఎక్కువగానే ఉన్నాయని పరిశోధకులు లెక్కలు తేల్చారు. ఇంకా బాధపడాల్సిన విషయం, ఆ 12 ఏళ్ళలో తల్లి కడుపులో ఉన్నవాళ్ళు, పసిపిల్లలుగా ఉన్నవాళ్ళు 30, 40 ఏళ్ళ వయసులోనే ఊపిరితిత్తుల జబ్బులతో చనిపోవడం మిగతా వాళ్ళకంటే ఎక్కువ.

అంటే మీ చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి, ఆ నీళ్ళు తాగడం వెంటనే ఆపేయడం. రెండు, ఆ నీళ్ళు తాగామన్న సంగతి దశాబ్దాల పాటు మర్చిపోకుండా ఉండటం. మొదటిదాని గురించి అందరూ చెప్తారు, రెండోదాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ, నాకైతే అదే ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది, చివర్లో దాని దగ్గరికి వస్తా.

ముందు మీ నీళ్ళు మీరే టెస్టు చేయించుకోండి, పక్కింటి రిపోర్టు పనికిరాదు

చాలామంది ఆర్సెనిక్ అంటే ఫ్యాక్టరీ కాలుష్యం అనుకుంటారు. గనులు, పాత పురుగుమందులు, కలప పాడవకుండా పట్టించే మందుల వల్ల కలిసే చోట్లు ఉన్నాయి నిజమే, కానీ ప్రపంచంలో ఎక్కువమందికి ముప్పు వస్తున్నది భూమిలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ వల్ల. నదులు కొండల మీంచి మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుము రేణువులకి అంటుకుని ఆర్సెనిక్ ఉంటుంది, భూమి లోపల గాలి ఆడని చోట సూక్ష్మజీవులు ఆ ఇనుముని కరిగించేస్తే దాన్ని పట్టుకున్న ఆర్సెనిక్ కూడా వదులై నీళ్ళలోకి వచ్చేస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర డెల్టాలో జరిగింది ఇదే. అర్జెంటీనాలో, తైవాన్ నైరుతి తీరంలో, అమెరికా ఈశాన్యంలో రాతి పొరల బోర్లలో మరో రకం భూమి, కానీ ఫలితం ఒకటే.

బంగ్లాదేశ్ సంగతి వింటే మనసు కలుక్కుమంటుంది. చెరువు నీళ్ళు తాగి విరేచనాలతో పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి ఊరూరా గొట్టపు బావులు వేయించారు, మంచి ఉద్దేశంతోనే వేశారు, క్రిములు చూశారు కానీ ఆర్సెనిక్ చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పక్కనే పశ్చిమ బెంగాల్లో 1983లోనే కలకత్తా చర్మ వైద్యుడు కె.సి. సాహా రోగుల చర్మం మీద మచ్చలు చూసి ఇది నీళ్ళలోని ఆర్సెనిక్ వల్ల అని పట్టుకున్నారు, బంగ్లాదేశ్ బావుల్లో బయటపడింది 1993లో. చరిత్రలోనే ఇంతమందికి ఒకేసారి విషం ఎక్కిన సంఘటన ఇంకోటి లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు. తర్వాత లక్షల బావులు టెస్టు చేసి ఎక్కువ ఉన్నవాటికి ఎరుపు రంగు, తక్కువ ఉన్నవాటికి ఆకుపచ్చ రంగు వేసుకుంటూ పోయారు, అప్పుడు తెలిసింది ఎర్ర బావికి కొన్ని పదుల మీటర్ల దూరంలోనే పచ్చ బావి ఉండొచ్చని.

అందుకే "మా పక్కవాళ్ళు చేయించారు, ఏం లేదంట" అన్న మాట నమ్మకండి. మీ బోరు లోతు వేరు, అది తగిలిన పొర వేరు. పైపుల్లో వచ్చే సప్లై నీళ్ళైతే సరఫరా చేసేవాళ్ళ దగ్గర టెస్టు రిపోర్టు ఉంటుంది, అడిగి తీసుకోండి. సొంత బోరో బావో అయితే బాధ్యత మీదే, అమెరికా లాంటి చోట కూడా తాగునీటి మీద ఉన్న ఫెడరల్ చట్టం ప్రైవేటు బావులకి వర్తించదు, యజమానే చూసుకోవాలి.

శాంపిల్ పట్టడంలో తప్పు చేస్తే రిపోర్టు మీకు అబద్ధం చెప్తుంది

ల్యాబ్‌కి ఫోన్ చేసి సీసా వాళ్ళనే ఇమ్మనండి. లోపల కొంచెం యాసిడ్ వేసి ఇస్తారు చాలాచోట్ల, దాన్ని కడిగేయకండి, ఒంపేయకండి, చేతికి తగలనివ్వకండి. యాసిడ్ ఎందుకు అనేది తెలిస్తే ఇంకెప్పుడూ మర్చిపోరు: బోరు నీళ్ళలో ఇనుము ఉంటే గాలి తగిలి కాసేపటికి ఎర్రటి తుప్పులాగా సీసా అడుగున దిగుతుంది, ఆ దిగేటప్పుడు ఆర్సెనిక్‌ని కూడా పట్టుకుని తీసుకుపోతుంది, పైన తేరుకున్న నీళ్ళు టెస్టు చేస్తే ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. యాసిడ్ ఉంటే అలా దిగదు. కాబట్టి మామూలు సీసాలో పట్టి, రెండు రోజులు అటక మీద పెట్టి, పైన తేట నీళ్ళు ఒంపి పంపించే పని పెట్టుకోకండి.

పంపు ఒక 5, 10 నిమిషాలు వదిలేసి పైపులో నిలవున్న నీళ్ళు పోయాక పట్టండి. ఫిల్టరు ఉంటే ఫిల్టరుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండు శాంపిల్స్. సీసా మీద తారీఖు, ఏ పంపు, బోరు లోతు ఎంత, ముందుదా తర్వాతదా రాయండి, ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే రెండు సీసాలూ ఒకేలా కనిపిస్తాయి.

ల్యాబ్ దూరం అనుకుంటే కిట్లు ఉన్నాయి. సీసాలో నీళ్ళు పోసి, యాసిడ్ పొడి, జింకు పొడి వేసి, మూతలో మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన కాగితం ముక్క పెట్టి మూసేస్తే నీళ్ళలో ఆర్సెనిక్ గ్యాసుగా మారి పైకొచ్చి కాగితాన్ని తాకుతుంది. తెల్లటి కాగితం మీద గుండ్రంగా లేత పసుపు మచ్చ తేలుతుంది, ఆర్సెనిక్ ఎక్కువుంటే ఆ పసుపు ముదిరి గోధుమరంగు దాకా పోతుంది, దాన్ని డబ్బా మీద రంగుల చార్టు పక్కన పెట్టి పోల్చుకోవాలి, ఎండలో కాకుండా నీడలో చూడండి, కిట్‌లో చెప్పిన టైముకే చూడండి. ఆ గ్యాసు విషం కాబట్టి గాలి ఆడే చోట చేయాలి, ఆ కాగితంలో పాదరసం ఉంటుంది కాబట్టి వేళ్ళతో ముట్టుకోకూడదు, పిల్లలకి అందకూడదు. నీళ్ళు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే ఆ గంధకం గ్యాసు కూడా కాగితం రంగు మార్చేస్తుంది, కిట్ తో ఇచ్చిన మందు దూది వాడకపోతే తప్పు చూపిస్తుంది. 100, 200 లాంటి పెద్ద లెవెల్స్ పట్టుకోవడానికి కిట్ బానే ఉంటుంది, 10 దగ్గర మాత్రం దాన్ని నమ్ముకోలేం, లేత పసుపా తెలుపా అని ఇంట్లో నలుగురు నాలుగు మాటలు చెప్తారు. అక్కడ ల్యాబే దిక్కు.

రిపోర్టులో సున్నాలు చూసి మోసపోకండి

నేను మొదటిసారి చూసిన రిపోర్టులో 0.08 అని ఉంది. హమ్మయ్య, దాదాపు సున్నానే కదా అని పక్కన పడేశా. వారం తర్వాత తీరిగ్గా చూస్తే ఆ పక్కన మిల్లీగ్రాములు అని ఉంది, అంటే 80 మైక్రోగ్రాములు, లిమిట్‌కి ఎనిమిది రెట్లు. ఆ వారం అంతా అవే నీళ్ళు తాగాం.

కాబట్టి యూనిట్ చూడండి. లీటరుకి 0.01 మిల్లీగ్రాము అన్నా, 10 మైక్రోగ్రాములు అన్నా, 10 పీపీబీ అన్నా ఒకటే. మిల్లీగ్రాముల్లో ఉంటే వెయ్యితో గుణించండి అంతే. "గుర్తించదగినంత లేదు" అని రాసి ఉంటే ఆ ల్యాబ్ ఎంత దాకా పట్టుకోగలదో అడగండి, 50 కంటే తక్కువని గుర్తించలేని పద్ధతిలో "లేదు" అంటే దానికి అర్థం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లిమిట్ 10 మైక్రోగ్రాములు, 1993లో 50 నుంచి దించి పెట్టారు. అమెరికా 2001లో 10కి మార్చి 2006 నుంచి అమలు చేసింది, బంగ్లాదేశ్ ఇంకా 50నే పట్టుకుని ఉంది, డెన్మార్క్ లాంటి చోట్ల 5. ఒకే నీళ్ళు ఒక దేశంలో పాసు ఇంకో దేశంలో ఫెయిలు, శరీరానికి మాత్రం ఈ సరిహద్దులు తెలీవు. అసలు ఆ 10 అనేది కూడా ఇక్కడిదాకా ఏం కాదు అని గీసిన గీత కాదండి, కొలవడం, తీసేయడం ఎంతవరకు కుదురుతుందో చూసుకుని తాత్కాలికం అని చెప్పి మరీ పెట్టిన నంబరు. 2001లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వేసిన అంచనాలో, 10 ఉన్న నీళ్ళు జీవితాంతం తాగితే ప్రతి 10,000 మందిలో సుమారు 30 మందికి పైగా అదనంగా ఊపిరితిత్తుల, మూత్రాశయం క్యాన్సర్ రావచ్చని తేలింది. కాబట్టి 9 వచ్చిందని పండగ చేసుకోనక్కర్లేదు, 12 వచ్చిందని ఇల్లు ఖాళీ చేసి పారిపోనక్కర్లేదు. ఎంత లెవెల్, ఎన్నేళ్ళు తాగారు, ఈ రెండూ కలిపి చూడాలి. నా లెక్కలో అయితే 10 లోపు ఉంటే కుదిరినంత తగ్గించుకునే ఏర్పాటు మెల్లగా చేసుకోండి, 10 దాటితే ఇవాళే మొదలుపెట్టండి, 50 దాటితే ఆ పంపు దగ్గర తాగడానికి గ్లాసు కూడా పెట్టకండి.

నీళ్ళు మార్చండి, కాచడం మాత్రం వద్దు

రిపోర్టు రాగానే అందరూ చేసే మొదటి పని నీళ్ళు కాచడం. కాస్తే క్రిములు చస్తాయి, ఆర్సెనిక్ ఒక మూలకం, అది చచ్చేది కాదు ఆవిరయ్యేది కాదు, నీళ్ళు ఆవిరైపోయి గిన్నెలో మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ వేసినా పోదు. కుండలో రాత్రంతా తేర్చినా, బట్టతో వడగట్టినా, మామూలు బొగ్గు ఫిల్టరులో పోసినా పోయిందన్న గ్యారంటీ లేదు.

మార్చాల్సింది తాగే నీళ్ళు, వంట నీళ్ళు. టీ, కాఫీ, పిల్లల పాలపొడి, ఐసు ముక్కలు, అన్నం ఉడకబెట్టే నీళ్ళు, ఇవన్నీ తాగే నీళ్ళ లెక్కే. బియ్యం గురించి ఒక్క మాట, అన్నం ఎసరుని పీల్చేసుకుంటుంది కాబట్టి ఎసట్లో ఉన్న ఆర్సెనిక్ అంతా మెతుకుల్లోకి పోతుంది, అదే మంచి నీళ్ళు ఎక్కువగా పోసి ఉడికించి గంజి వార్చేస్తే బియ్యంలో ముందే ఉన్న ఆర్సెనిక్ కూడా కొంత పోతుంది. స్నానం, బట్టలు, అంట్లు, ఇల్లు తుడవడం ఇవన్నీ పాత నీళ్ళతో చేసుకోవచ్చు, చర్మం గుండా లోపలికి వెళ్ళేది చాలా తక్కువ. ఇది తెలిస్తే సగం భారం దిగిపోతుంది, ఎందుకంటే ఇంటికి రోజూ పట్టే నీళ్ళలో తాగడానికి వంటకి కావాల్సినవి కొన్ని బిందెలే, వాటికే వెతుక్కుంటే చాలు.

ఎక్కడ వెతకాలి అంటే, మొదటి చాయిస్ ఎప్పుడూ ఆర్సెనిక్ లేని ఇంకో మూలం: టెస్టు చేసిన పక్క బావి, శుద్ధి చేసిన పైపు నీళ్ళు, సరిగ్గా వేసిన లోతు బోరు, శుభ్రమైన పైకప్పు మీంచి పట్టిన వాన నీళ్ళు. బంగ్లాదేశ్‌లో 150 మీటర్లు దాటిన లోతు పొరల్లో ఎక్కువచోట్ల ఆర్సెనిక్ తక్కువ ఉంది, కానీ అది అక్కడి భూమి సంగతి, మీ చోట లోతుకి పోయేకొద్దీ తగ్గుతుందో పెరుగుతుందో తవ్వి టెస్టు చేస్తేనే తెలుస్తుంది. చెరువు, కాలవ నీళ్ళకి మారితే ఆర్సెనిక్ తగ్గొచ్చు గానీ అక్కడ క్రిములుంటాయి, 30 ఏళ్ళ తర్వాత వచ్చే దానికి భయపడి ఈ వారమే పిల్లాడికి విరేచనాలు తెచ్చిపెట్టడం తెలివైన పని కాదు, ఆ నీళ్ళని మాత్రం కాచే తాగాలి.

ఫిల్టరు కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు

నీళ్ళలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది, ఆర్సెనిక్ త్రీ, ఆర్సెనిక్ ఫైవ్. ఫైవ్‌కి విద్యుత్ చార్జి ఉంటుంది కాబట్టి ఆర్‌ఓ పొర దాన్ని బాగా ఆపుతుంది, త్రీకి మామూలు నీళ్ళలో చార్జి ఉండదు, పొర సందుల్లోంచి చాలావరకు జారిపోతుంది. గాలి ఆడని లోతుల్లోంచి వచ్చే బోరు నీళ్ళలో ఉండేది ఎక్కువగా ఆ త్రీయే. అందుకే "ఆర్‌ఓ పెట్టించాం సార్, ఇంక ఏ భయం లేదు" అన్న మాట సగమే నిజం. ముందు క్లోరిన్ లాంటిదాంతో త్రీని ఫైవ్‌గా మార్చి, మళ్ళీ ఆ క్లోరిన్ ఆర్‌ఓ పొరని తినేయకుండా మధ్యలో బొగ్గు ఫిల్టరు పెట్టి, ఆ తర్వాత ఆర్‌ఓకి పంపాలి. అమ్మేవాణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి, "మీ మెషీన్ ఆర్సెనిక్ త్రీని ఎలా తీస్తుంది" అని. వాడు నీళ్ళు నమిలితే బయటికి నడవండి.

ఇంకో రకం, లోపల నింపిన పదార్థం (దాన్నే ఇక్కడ మందు అంటున్నా) ఆర్సెనిక్‌ని తనకి అంటించుకునే ఫిల్టర్లు, ఆ మందు ఇనుముతో చేసిందైనా కావచ్చు, యాక్టివేటెడ్ అల్యూమినా అనే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలైనా కావచ్చు. బంగ్లాదేశ్ నుంచి అమెరికా వెళ్ళిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ ఇసుక, ఇనుప ముక్కల పొరలతో కరెంటు అక్కర్లేని సోనో ఫిల్టరు చేశారు, దానికి 2007లో గ్రెయింజర్ ప్రైజు వచ్చింది. ఈ ఇనుము రకాలు త్రీని కూడా పట్టుకోగలవు, కాకపోతే ఫాస్ఫేటు, సిలికా ఎక్కువున్న నీళ్ళలో అవి చోటు ఆక్రమించేసి మందు తొందరగా నిండిపోతుంది. నిండిపోయాక ఏమవుతుందంటే ఏమీ కనపడదు. నీళ్ళు అంతే తేటగా, అంతే ధారగా వస్తుంటాయి, ఆర్సెనిక్ మాత్రం దాటిపోతుంటుంది. ఫిల్టరు తర్వాత నీళ్ళని కనీసం ఆర్నెల్లకోసారి టెస్టు చేయించండి, పెట్టిన కొత్తలో నెలకే ఒకసారి చేయిస్తే ఇంకా మంచిది, ఆ తారీఖులు ఫిల్టరు డబ్బా మీదే చెరగని పెన్నుతో రాయండి.

ఆర్‌ఓ వదిలేసే వేస్టు నీళ్ళలో ఆర్సెనిక్ ఇంకా చిక్కగా ఉంటుంది, పొదుపు చేద్దామని వాటిని వంటకి వాడకండి. అయిపోయిన మందుని బావి పక్కనో పిల్లలు ఆడే చోటో పోయకండి, అది పట్టుకున్నదంతా అందులోనే ఉంది.

గర్భిణులు, పసిపిల్లలు ముందు

ఇంట్లో అందరికీ సరిపడా మంచి నీళ్ళు దొరకట్లేదంటే వరస ఇదీ: గర్భంతో ఉన్నవాళ్ళు, డబ్బా పాలు తాగే పిల్లలు, చిన్నపిల్లలు, తర్వాతే మిగతావాళ్ళు. ఆర్సెనిక్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది, అంతోఫగస్తా పిల్లల సంగతి పైన చెప్పా. ఊరట కలిగించే విషయం ఒకటుంది, తల్లి ఆర్సెనిక్ నీళ్ళు తాగుతున్నా ఆమె పాలలోకి దిగేది చాలా తక్కువ. అదే నీళ్ళలో పాలపొడి కలిపి పడితే మాత్రం బిడ్డ బరువుకి అది చాలా పెద్ద డోసు. కాబట్టి నీళ్ళలో ఏదో ఉందంట అని భయపడి తల్లిపాలు ఆపేసి డబ్బా పాలకి మార్చేస్తే ఉన్న రక్షణ పోగొట్టుకున్నట్టే.

సిగరెట్, విటమిన్లు, "విషం దించే" మందులు

సిగరెట్ ఆపండి. మామూలుగా అందరికీ చెప్పే మాటలా తీసుకోకండి, ఆర్సెనిక్ నీళ్ళు తాగి సిగరెట్ కూడా తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్కు రెండూ కూడితే వచ్చేదానికంటే ఎక్కువ పెరుగుతుందని వేర్వేరు దేశాల్లో కనిపించింది. పోయిన ఏళ్ళ నీళ్ళని మార్చలేం, సిగరెట్ ఇవాళ మన చేతిలో ఉంది.

తిండి బాగుంటే శరీరం ఆర్సెనిక్‌ని మార్చి మూత్రంలో బయటికి పంపడం మెరుగ్గా చేస్తుంది. బంగ్లాదేశ్‌లో ఫోలేటు (ఒక బి విటమిన్) తక్కువున్న పెద్దవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తంలో ఆర్సెనిక్ తగ్గింది, ఆకుకూరలు పప్పుధాన్యాలు సరిగ్గా తినడం అందుకే మంచిది. విటమిన్ ఈ, సెలీనియం మాత్రలు ఇస్తే చర్మ క్యాన్సర్ ఆగుతుందా అని వేలమంది మీద అక్కడే పరీక్ష చేశారు, గట్టి ఫలితం రాలేదు. కీలేషన్ పేరుతో ఏళ్ళ తరబడి ఎక్కిన ఆర్సెనిక్‌ని సెలైన్ పెట్టి దించేస్తాం అనేవాళ్ళకి డబ్బులు పోయకండి. అసలు తాగడం ఆపిన కొద్ది రోజుల్లోనే చాలావరకు దానంతటదే మూత్రంలో వెళ్ళిపోతుంది, మిగిలేది అప్పటికే కణాల్లో జరిగిన డ్యామేజీ, దాన్ని ఏ సెలైనూ కడగలేదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. నీళ్ళు మార్చిన నెలకి మూత్రం టెస్టు చేయిస్తారు, నార్మల్ వస్తుంది, ఇంక మనకేం లేదని ఊపిరి పీల్చుకుంటారు. మూత్రం టెస్టు చెప్పేది గత కొద్ది రోజుల సంగతి, గోళ్ళు, వెంట్రుకలు కొన్ని నెలల సంగతి చెప్తాయి, 15 ఏళ్ళ క్రితం తాగినదాన్ని చెప్పే టెస్టు లేదు. మూత్రం టెస్టు అసలు ఉపయోగం కొత్త నీళ్ళు నిజంగా బాగున్నాయా అని తెలుసుకోవడానికి. చేయించేముందు మూడు నాలుగు రోజులు చేపలు, రొయ్యలు మానేయండి, వాటిలో పెద్దగా హాని చేయని ఆర్సెనిక్ రూపం ఒకటి ఉంటుంది, అది కలిసి నంబరు పెంచేస్తుంది, ల్యాబ్‌లో ఇనార్గానిక్ ఆర్సెనిక్, అంటే నీళ్ళలో ఉండి హాని చేసే రకం, విడిగా చూడమని అడగండి.

ఒంటి మీద ఏం చూసుకోవాలి

నెలకోసారి కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని చొక్కా తీసి చూసుకోండి, వీపు ఇంకొకరు చూడాలి. ఛాతీ మీద వీపు మీద చర్మం నల్లబడి మధ్యమధ్యలో తెల్లటి చుక్కలు, దుమ్ము నేల మీద నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఎలా ఉంటుందో అలా, డాక్టర్లు కూడా దీన్ని వాన చినుకుల మచ్చలనే అంటారు. తర్వాత అరచేతులు, అరికాళ్ళు. కంటికంటే వేలికి ముందు తెలుస్తుంది, బొటనవేలితో అరచేయి మీద నిమురుతూ పోతే చర్మం కింద ఇసుక రేణువులు ఇరుక్కున్నట్టు గరుగ్గా తగులుతుంది, ముదిరితే ఆనికాయల్లాగా లేస్తాయి, అవి పని వల్ల వచ్చే కాయల్లా ఒక్క చోట కాకుండా రెండు చేతులకీ రెండు కాళ్ళకీ ఉంటాయి. ఇది అంటువ్యాధి కాదు, చాలాచోట్ల కుష్ఠు అనుకుని ఇలాంటివాళ్ళని దూరం పెట్టారు పాపం.

ఎన్ని వారాలైనా మానని పుండు, పొలుసుగా ఎర్రగా నెమ్మదిగా పెరిగే మచ్చ, ఉన్నట్టుండి పెరిగి రక్తం కారే ఆనికాయ ఉంటే చర్మ డాక్టరుకి చూపించండి. ఆర్సెనిక్ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ఎండ తగలని చోట, బట్టల కింద కూడా వస్తుంది, అదే దాని ఆనవాలు. చర్మ క్యాన్సర్ ముందుగా పట్టుకుంటే కోసి తీసేయొచ్చు.

చర్మం శుభ్రంగా ఉంది కదా అని మిగతావి వదిలేయకండి, ఒక్క మచ్చ లేకుండానే లోపల క్యాన్సర్ రావచ్చు. క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ తాగునీటి ఆర్సెనిక్‌ని ఖాయంగా క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో పెట్టింది, ఊపిరితిత్తులు, మూత్రాశయం, చర్మం ఈ మూడింటికీ రుజువు గట్టిగా ఉంది, కిడ్నీ, లివర్, ప్రోస్టేట్ విషయంలో రుజువు అంత గట్టిగా లేదు. తాగితే ఊపిరితిత్తుల్లో ఎందుకు అని అందరూ అడుగుతారు, రక్తంలో కలిశాక అది అన్నిచోట్లకీ వెళ్తుంది. మూత్రాశయం సంగతి సులభంగానే అర్థమవుతుంది, బయటికి పోయే ఆర్సెనిక్ అంతా అక్కడ గంటల తరబడి నిలవుంటుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆగిపోయింది కదా అని ఊరుకోకండి. మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా అంతే.

ఇదంతా చదివి ఇప్పుడు ఆపి ఏం లాభం అనిపిస్తే ఒక మాట. బంగ్లాదేశ్‌లోని అరైహజార్‌లో 2000 నుంచి వేలమందిని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు, ఎవరి మూత్రంలో ఆర్సెనిక్ ఎంతుందో కొలుస్తూ. మొదట్లో ఎక్కువుండి మంచి బావులకి మారి తగ్గించుకున్నవాళ్ళలో, మారకుండా ఉండిపోయిన వాళ్ళకంటే గుండె జబ్బుల, క్యాన్సర్ల చావులు బాగా తక్కువ. తైవాన్‌లో కూడా పైపు నీళ్ళు వచ్చాక మెల్లమెల్లగా తగ్గాయి. తగ్గడానికి టైము పడుతుంది కానీ తగ్గుతుంది.

నీళ్ళ చరిత్ర ఒక కాగితం మీద రాయండి

ఏ డాక్టరూ దగ్గుతో వచ్చినవాణ్ణి నువ్వు చిన్నప్పుడు ఏ బోరు నీళ్ళు తాగావు అని అడగడు. ఏ టెస్టులోనూ అది కనపడదు అని పైన చూశాం కదా. ఆ సమాచారం ఉండే చోటు మీరు రాసిన కాగితం ఒక్కటే.

ఒక్క పేజీ చాలు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎక్కడి నీళ్ళు, బోరైతే లోతెంత, టెస్టు చేయించిన తారీఖు, నంబరు, యూనిట్, ఆ టైములో ఇంట్లో ఎవరు గర్భంతో ఉన్నారు, ఎవరు ఏ వయసులో ఉన్నారు, ఎవరు సిగరెట్ తాగేవారు, నీళ్ళు ఎప్పుడు మార్చారు. ఉదాహరణకి ఇలా: "1996 నుంచి 2011 దాకా ఇంటి బోరు, సుమారు 30 మీటర్లు. 2011 టెస్టు, లీటరుకి 140 మైక్రోగ్రాములు. అంతకుముందు టెస్టు లేదు. 2011 నుంచి పైపు నీళ్ళు, 3 మైక్రోగ్రాములు. పెద్దమ్మాయి 1998లో, అబ్బాయి 2002లో పుట్టారు, ఇద్దరూ అదే నీళ్ళు." గుర్తులేని చోట సుమారుగా అని రాయండి, ఖాళీ మాత్రం వదలకండి. అసలు రిపోర్టులు ఫోటో తీసి ఆ కాగితంతో పాటే పెట్టండి, థర్మల్ కాగితం మీద ప్రింటైతే రెండేళ్ళలో తెల్లకాగితం అయిపోతుంది.

కొత్త డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా, జ్వరానికి వెళ్ళినా సరే, ఒక్క ముక్క చెప్పండి: "నేను ఇన్నేళ్ళు ఇంత ఆర్సెనిక్ ఉన్న నీళ్ళు తాగాను, ఊపిరితిత్తుల, మూత్రాశయం క్యాన్సర్ రిస్కు ఎక్కువంట, నా ఫైల్లో రాయండి." కొందరు తేలిగ్గా తీసుకుంటారు, అయినా రాయించండి. మూత్రంలో రక్తం కనపడ్డ రోజు ఇన్ఫెక్షన్ అని మాత్రలిచ్చి పంపడానికీ, లోపల కెమెరా పెట్టి చూడటానికీ మధ్య తేడా ఆ ఒక్క లైను వల్ల రావచ్చు.

ఆ కాగితం కాపీ ఆ ఇంట్లో పుట్టి పెరిగి ఇప్పుడు వేరే చోట ఉంటున్న ప్రతి ఒక్కరికీ పంపండి. వాళ్ళకి ఆ నీళ్ళ సంగతి గుర్తుండదు, అప్పటికి వాళ్ళు సీసాతో పాలు తాగే వయసు.